దర్వాజ మీది గీత



ఈ పూట ఒక దర్వాజ గురించి చెప్తాను. గట్టు మండలంలో సీడు పత్తి చేసుకునే ఒక ఇంటి దర్వాజ అది. ఊరి పేరు చెప్పను. చెప్తే ఆ ఇంటి పిల్ల ఎవరో చుట్టుపక్కల వాళ్లకు తెలిసిపోతుంది. ఆ ఇంటాయన ప్రతి ఉగాదికీ తన ఇద్దరు పిల్లలను దర్వాజకు ఆనించి నిలబెట్టి, నెత్తిమీద అట్ట అడ్డంపెట్టి, మేకుతో ఒక గీత గీస్తాడు. కుడిచెక్క మీద బిడ్డవి, ఎడమచెక్క మీద కొడుకువి. కొడుకు బిడ్డకంటే మూడేళ్లు చిన్నోడు.

ఆ గీతల ఫొటోను ఆయన తన ఫోనులో నాకు చూపించాడు. ఎడమచెక్క మీద గీతలు మెట్లలాగా ఎక్కిపోతున్నాయి. కుడిచెక్క మీద కింది రెండు మూడు గీతల మధ్య కొంచెం ఎడముంది. ఆ పైన నాలుగు గీతలు ఒకదాన్నొకటి తాకేటంత దగ్గరగా, ఒకే చోట గీరినట్టున్నాయి. అప్పటికి తమ్ముడి గీత అక్క గీతను దాటి రెండేళ్లయింది. పిల్లకు తొమ్మిదేళ్లు నిండాయి, ఎత్తు 101 సెంటీమీటర్లు. నాలుగేళ్ల పిల్ల ఉండాల్సిన ఎత్తు అది.

నా దగ్గరికి తీసుకొచ్చింది మాత్రం ఎత్తు కోసం కాదు, కుంటుతోందని.

నేను పిల్లల డాక్టరును. బల్గెర, ఆరగిద్ద, మాచర్ల, ఇందువాసి పల్లెల నుంచి, కృష్ణకు తుంగభద్రకు నడుమనున్న ఈ నడిగడ్డ అంతటి నుంచి వచ్చే పిల్లలను ఏళ్లుగా చూస్తున్నాను. కుంటే పిల్ల వస్తే మొదట తుంటి చూస్తాం. ఈ పిల్లకు అంతకుముందే ఒక చోట తుంటి కీలు దెబ్బతిన్నదని చెప్పి, కాలికి బరువు కట్టి, వారాలపాటు మంచానికి పెట్టారు. ఆ ఎక్స్‌రే కూడా వాళ్లమ్మ సంచిలో మడతలు పడి ఉంది. కిటికీ వెలుగుకు పట్టి చూశాను. తొడ ఎముక పైకొస ఉండలాగా నున్నగా, గుండ్రంగా ఉండాలి. అక్కడ ఉండ లేదు, రవ్వ పోసినట్టు చిన్నచిన్న పలుకులున్నాయి. అదీ ఒక పక్క కాదు, రెండు పక్కలా, అచ్చు ఒకేలాగా.

పిల్లల్లో తుంటి ఉండకు రక్తం అందక ఎముక చివికిపోయే జబ్బు ఒకటుంది. పెర్తీస్ అంటారు. ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది, ఎక్కువసార్లు ఒక పక్కనే వస్తుంది. రెండు తుంట్లూ ఒకేసారి ఒకే తీరుగా పలుకులైతే, ఆ పిల్ల ఈడుకు తగ్గ ఎత్తు లేకపోతే, చూడాల్సింది తుంటిని కాదు, గొంతును. థైరాయిడ్‌ను.

చేతి మణికట్టుకు ఇంకో ఎక్స్‌రే తీయించాను. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టిన బిడ్డ ఎక్స్‌రేలో వాటిల్లో ఒక్కటీ కనపడదు. అన్నీ ఉంటాయి గానీ మెత్తగా, ఎక్స్‌రేకు అందకుండా ఉంటాయి. రెండు మూడు నెలలకు రెండు గట్టిపడి పల్లిగింజల్లాగా తేలతాయి. తర్వాత ఏడాదికొకటి, రెండేళ్లకొకటి తేలుతూ, ఆడపిల్లకు ఏడేళ్లు దాటేసరికి ఏడు కనపడాలి. ఎనిమిదోది తొమ్మిది, పది ఏళ్లప్పుడు వస్తుంది. ఈ పిల్ల మణికట్టులో రెండే ఉన్నాయి. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్స్‌రే మీద వేలితో లెక్కపెట్టించాను. "ఒకటి, రెండు" అని ఆగి నా మొహం చూసింది. గొంతు బొంగురుగా ఉంది. చేతులు చల్లగా, చర్మం జొన్నపొట్టు రాసినట్టు గరుకుగా ఉన్నాయి.

రక్తం పరీక్షలో టీఎస్‌హెచ్ నూరు దాటింది. మామూలుగా అది అయిదుకు లోపే ఉంటుంది.

ఈ టీఎస్‌హెచ్ ఏమిటో ఒక్క మాట. థైరాయిడ్ గ్రంథి గొంతు ముందు, గుటకేస్తే పైకీ కిందికీ ఆడే ముడికి కొంచెం కింద, రెండు రెక్కలు చాపుకుని ఉంటుంది. తిండిలోంచి వచ్చే అయోడిన్‌ను పట్టుకుని థైరాక్సిన్ అనే హార్మోను చేస్తుంది. మెదడు అడుగున బఠానీ గింజంత ఇంకో గ్రంథి ఉంది, దాని పేరు పిట్యూటరీ. థైరాక్సిన్ తగ్గితే అది ఊరుకోదు, ఇంకా చెయ్యమని గట్టిగా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికే టీఎస్‌హెచ్. లోపల పనివాడు లేకపోతే బయట పిలిచేవాడి గొంతు పెరుగుతూనే ఉంటుంది కదా, అందుకే థైరాయిడ్ తగ్గినప్పుడు ఈ అంకె పెరుగుతుంది. పరీక్ష కాగితంలో "ఎక్కువ" అని ఉంటే, "థైరాయిడ్ ఎక్కువైంది, మందు వద్దు" అనుకుని ఇంటికి పోయినవాళ్లను చూశాను కాబట్టి ఈ సంగతి విడమరిచి చెప్తున్నాను.

థైరాక్సిన్‌కూ ఎముకకూ ఏమిటి సంబంధం?

తాటిముంజె మీకందరికీ తెలుసు. లేతగా ఉన్నప్పుడు బొటనవేలితో నొక్కితే నీళ్లు చిమ్ముతాయి. అదే కాయ చెట్టుమీదే ముదిరితే లోపల కత్తికి లొంగని టెంక తయారవుతుంది. పిల్లల ఎముక కూడా మొదట ముంజెలాంటి మెత్తటి మృదులాస్థే. అది వేళకు ముదిరి ఎముక కావాలి. ముదరమని చెప్పేది థైరాక్సిన్. పొడవాటి ఎముక ప్రతి కొసనా ఒక పలచటి పెరుగుదల పొర ఉంటుంది. గద్వాల చీరలో నూలు ఒళ్లూ పట్టు అంచూ కలిసే చోటును గుర్తుచేసుకోండి. అదేలాగా అక్కడ మెత్తటిదీ గట్టిదీ కలుస్తాయి. ఆ పొరలో కణాలు రూపాయి బిళ్లలు పేర్చినట్టు వరసలు కట్టి ఉంటాయి. పైన కొత్త బిళ్ల చేరుతుంది, కింది బిళ్ల ఉబ్బి, సున్నం పట్టి, ఎముకగా మారుతుంది. పిల్ల ఎత్తు పెరగడమంటే ఇదే. థైరాక్సిన్ అందకపోతే వరసలు చెదిరిపోతాయి, కింది బిళ్లలు ఉబ్బవు, ఎముకగా మారవు. పైగా పిట్యూటరీ నుంచి రావాల్సిన పెరుగుదల హార్మోను కూడా సరిగా రాదు. అంటే ఒకే పొర మీద దెబ్బ మీద దెబ్బ.

ఒకే ఉండగా ముదరాల్సిన తుంటి కొస పది చోట్ల పది పలుకులుగా ముదురుతుంది. అదే ఈ పిల్ల ఎక్స్‌రేలో నేను చూసిన రవ్వ. ఆ రవ్వ మీదే ఒంటి బరువంతా మోస్తూ నడిస్తే కుంటు రాక ఏం చేస్తుంది? మందు లేక పెద్దయిన పిల్లల్లో, పదకొండు పన్నెండేళ్ల వయసులో, ఆ ఉండ తన పొర మీంచి పక్కకు జారిపోవడం కూడా ఉంది. అప్పుడు నొప్పి తుంటిలో కాకుండా మోకాలిలో తెలుస్తుంది. మోకాలు నొప్పి అని నూనె మర్దన చేయిస్తూ నెలలు గడిపేస్తారు.

వెన్నుపూసల సంగతి ఇంకొకటి. నడుము పైభాగాన ఉండే పూస ముందువైపు నిండుగా పెరగదు. పైభాగం కొరుక్కుతిన్నట్టై కింది అంచు చిలకముక్కులాగా ముందుకు పొడుచుకొస్తుంది. పిల్లను కూర్చోబెడితే అక్కడ చిన్న గూని కనపడుతుంది. నెత్తిమీద మాడు కలవాల్సిన వేళకు కలవదు. పండ్లు ఆలస్యంగా వస్తాయి, వచ్చిన పాలపండ్లు ఊడవు. కాళ్లూ చేతులూ పొట్టిగా ఉండిపోతాయి. పుట్టిన బిడ్డకు నడుము పైభాగం, కిందిభాగం కంటే బాగా పొడుగు, ఒకటికి 1.7 వంతులు. కాళ్లు పెరుగుతూ పెరుగుతూ ఎనిమిది, పదేళ్లకు రెండూ సమానమవుతాయి. థైరాయిడ్ లేని పిల్లలో కాళ్లు పెరగవు కాబట్టి ఎనిమిదేళ్లు వచ్చినా ఒంటి పొందిక రెండేళ్ల బిడ్డదే. దూరం నుంచి చూస్తేనే ఆ తేడా తెలుస్తుంది.

ఇక్కడ నాకు చాలా రోజులుగా మనసులో ఉన్న మాట చెప్పాలి. మనకు పిల్లల ఆరోగ్యమంటే తక్కెడే. అంగన్‌వాడీలో బరువు చూస్తారు, అవ్వ చంకనెత్తుకుని బరువు చెప్తుంది, చుట్టాలొస్తే "ఒళ్లు చేసిందా, తగ్గిందా" అని అడుగుతారు. తిండి చాలక గిడసబారిన పిల్ల బరువూ తగ్గుతుంది, ఎత్తూ తగ్గుతుంది, తక్కెడ చెప్పేస్తుంది. థైరాయిడ్ లోపం తక్కెడకు దొరకదు. ఒంట్లో నీరు చేరి, బుగ్గలు ఉబ్బి, పిల్ల బొద్దుగా కనపడుతుంది. ఈ పిల్ల బరువు ఇరవై కిలోలు. ఈడుకు కొంచెం తక్కువ అంతే, గాబరా పడేంత కాదు. ఎత్తు చూస్తే మాత్రం అయిదేళ్ల వెనకబాటు. ఇప్పుడు అంగన్‌వాడీలకు ఎత్తు కొలిచే పట్టీలొచ్చాయి, పసిబిడ్డలను పడుకోబెట్టి కొలిచే బల్లలొచ్చాయి. గోడకు ఆనించి పెట్టిన ఆ పట్టీ వాడినన్నాళ్లే ఉపయోగం. టీచరమ్మలను చేతులెత్తి అడుగుతున్నాను, బరువు రాసిన ప్రతిసారీ ఎత్తు కూడా రాయండి, పోయినసారి అంకె పక్కన ఈసారి అంకె పెట్టి చూడండి.

ఎంత పెరగాలి? పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లు. మొదటి ఏడాదిలో 25 పెరుగుతుంది. రెండో ఏడాది 12. నాలుగేళ్లకు మీటరు అవుతుంది. అక్కడి నుంచి ఈడొచ్చేదాకా ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు. ఏడాదికి నాలుగు కూడా పెరగకపోతే ఏదో అడ్డం పడిందని అర్థం. రెండేళ్ల కిందటి లంగా ఇప్పటికీ సరిపోతోందంటే మురిసిపోకండి, అనుమానించండి. దర్వాజ మీద గీత గీసే నాన్న మంచి పనే చేశాడు. ఆ గీత ఆగిపోయినప్పుడు ఎవరికి చూపాలో ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

మరి తొమ్మిదేళ్లు ఎవరికీ ఎందుకు తెలియలేదు? వాళ్లమ్మను అడిగాను, చిన్నప్పుడు ఎట్లుండేదమ్మా అని. "ఈ పిల్ల ఉంటే లేనట్టే మేడం. ఏడుపే తెల్వదు. పాలకు కూడా నేనే లేపాల్సొచ్చేది. ఊళ్లో అందరు శానా నిదానం పిల్ల అనేటోళ్లు. నేను చేన్ల పనికి పోయినా మా అత్తను సతాయించింది లేదు" అని చెప్పింది. చెప్తూ చెప్తూనే ఆమెకు ఏదో తట్టింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె తప్పేం లేదు. నిదానం పిల్ల పుడితే సంతోషించని తల్లి ఉంటుందా?

పుట్టుకతోనే థైరాయిడ్ లేని బిడ్డ, పుట్టిన రోజున అందరు బిడ్డల్లాగే ఉంటుంది. బరువు బాగుంటుంది, పొడుగు బాగుంటుంది. తల్లి థైరాక్సిన్ కొంత మావి దాటి బిడ్డను కాచి ఉంటుంది. అయినా ఎముక అప్పటికే ఒక సంగతి చెప్తూ ఉంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ మోకాలిని ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక కింది కొసనా, కాలి ఎముక పై కొసనా రెండు చిన్న చుక్కలు కనపడాలి. కడుపులో ఉండగానే థైరాయిడ్ తక్కువైన బిడ్డకు ఆ చుక్కలుండవు. తర్వాత రెండు మూడు వారాల్లో మిగతా గుర్తులు ఒక్కొక్కటే బయటపడతాయి. పసిరికలు రెండు వారాలైనా తగ్గవు. నాలుగైదు రోజులకొకసారి గానీ విరోచనం కాదు. ఏడుపు బొంగురు. నాలుక పెద్దదై పెదవుల మధ్య కనపడుతుంది. బొడ్డు ఉబ్బుతుంది. ఒళ్లు చల్లగా, చారలు చారలుగా ఉంటుంది. నెత్తి వెనకభాగాన కూడా మెత్తటి చోటు వేలు పట్టేంత ఉంటుంది. తలంటు పోసే అవ్వకు ఈ చివరిది డాక్టరుకంటే ముందే తెలుస్తుంది. అవ్వలారా, మాడు మీద ఆముదం పెట్టేటప్పుడు నెత్తి వెనక కూడా ఒకసారి తడిమి చూడండి.

ఆశా అక్కలు కాన్పు తర్వాత మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఒకటో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, నలభై రెండో రోజు ఇంటికొస్తారు. పద్నాలుగో రోజు వచ్చినప్పుడు బిడ్డ కళ్లు ఇంకా పచ్చగా ఉంటే, పాలకు లేపాల్సివస్తోందని తల్లి అంటే, "నిదానం బిడ్డ" అని ఊరుకోకుండా రక్తపరీక్షకు పంపించాలి. ఈ జబ్బులో మెదడుకున్న గడువు చాలా చిన్నది. రెండు వారాల్లోపు మందు మొదలైన బిడ్డ మిగతా బిడ్డల్లాగే చదువుకుంటుంది, నడుస్తుంది, పెరుగుతుంది. నెలలు గడిచేకొద్దీ పోయిన తెలివి తిరిగి రాదు. ఎముక అంత కఠినంగా ఉండదు, ఆలస్యంగా మందు ఇచ్చినా చాలావరకు కోలుకుంటుంది. అందుకే ఎముకల గురించి మాట్లాడుతూ కూడా నా భయమంతా మెదడు గురించే.

నేను చెప్తున్న పిల్ల కొంత అదృష్టవంతురాలు. ఆమె గ్రంథి గొంతులో తన చోటుకు దిగకుండా నాలుక మొదట్లోనే ఆగిపోయింది. కడుపులో పిండం ఏర్పడేటప్పుడు థైరాయిడ్ నాలుక మొదట్లో పుట్టి గొంతులోకి దిగుతుంది. కొందరిలో దారిలోనే నిలిచిపోతుంది, కొందరిలో అసలు ఏర్పడదు. నిలిచిపోయిన గ్రంథి కొన్నేళ్లు అరకొరగా పనిచేస్తుంది. ఆ అరకొర పనితోనే ఈ పిల్ల మెదడు చాలావరకు నిలిచింది. రెండో తరగతి పుస్తకం కూడబలుక్కుని చదువుతుంది. ఒంటి పెరుగుదలకు మాత్రం అది చాలలేదు.

ఇంకో రకం ఉంది. గ్రంథి తన చోటే ఉంటుంది, హార్మోను తయారుచేసే పనిముట్లలో ఒకటి పుట్టుకతోనే లోపిస్తుంది. ఈ లోపం అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు జబ్బు. మేనరికాల్లో, దగ్గరి చుట్టరికాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. మన ప్రాంతంలో మేనరికం ఎంత మామూలో నేను చెప్పక్కర్లేదు. ఒక బిడ్డకు ఈ జబ్బు తేలితే ఆ ఇంట్లో మిగతా పిల్లలకూ, రేపు పుట్టబోయే బిడ్డకూ పరీక్ష చేయించాలి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

ఇది ఎక్కడో అరుదుగా వచ్చే జబ్బు అనుకోకండి. ఈ లెక్క మన హైదరాబాదులోనే తేలింది. డాక్టర్ ఎ. రాధారమాదేవి గారు, నౌషాద్ గారు హైదరాబాదులో నాలుగు పెద్ద సర్కారు ప్రసూతి దవాఖానాల్లో పుట్టిన 18,300 మంది పసికందుల రక్తం పరీక్షించి, 2004లో ఫలితం ప్రచురించారు. వాళ్లకు దొరికిన జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఇదే, దాదాపు 1,700 మందిలో ఒకరికి. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి ఢిల్లీ, ముంబై, చెన్నై, కలకత్తాలతో పాటు హైదరాబాదునూ కలుపుకుని లక్షకు పైగా పసికందులను చూసింది. 1,130 మందిలో ఒకరికి తేలింది. 2018లో వచ్చిన ఆ లెక్కలో చెన్నై అన్నిటికంటే పైన ఉంది, అక్కడ 727 మందిలో ఒకరు. పాశ్చాత్య దేశాల్లో పరీక్షలు మొదలైన కొత్తలో మూడు నాలుగు వేల మందిలో ఒకరని రాసుకున్నారు. అక్కడి కంటే మన దగ్గర ఎక్కువే. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష జరుగుతుంది.

ఆ పరీక్ష కష్టమైనదా అంటే, కాదు. 1970ల తొలి ఏళ్లలో కెనడాలో క్యుబెక్ రాష్ట్రంలో జాన్ డ్యుసో అనే డాక్టరు మడమ నుంచి తీసిన రెండు మూడు రక్తపు చుక్కలను అద్దుడు కాగితం మీద ఆరబెట్టి థైరాక్సిన్ కొలవొచ్చని చేసి చూపించాడు. అప్పటి నుంచి లోకమంతా అదే పద్ధతి. ఆరిన కాగితం గద్వాల నుంచి హైదరాబాదు పోయినా చెడిపోదు. కేరళలో సర్కారు దవాఖానాల్లో పుట్టిన బిడ్డలకు ఈ పరీక్ష చేస్తున్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ముప్పై రకాల లోపాలను వెతకాలని పెట్టుకున్నారు. ఆ పట్టికలో పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం చిట్టచివరన ఉంది, పక్కన "ఐచ్ఛికం" అని ఉంది. ఇష్టమైతే చెయ్యొచ్చని. ఈ ఒక్క జబ్బు విషయంలో ఆ మాట ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అది మారేదాకా మీరు అడగండి. కాన్పైన మూడో రోజు ఇంటికి పంపేటప్పుడు "మా బిడ్డకు టీఎస్‌హెచ్ చూశారా?" అని అడగండి. ఆ మాట గుర్తు లేకపోతే "థైరాయిడ్ పరీక్ష" అనండి, చాలు. చదువు వెనకబడిన మండలమని గట్టు పేరు పేపర్లలో ఎన్నోసార్లు వచ్చింది. ఈ ప్రశ్న అడగడానికి చదువు అక్కర్లేదు.

థైరాయిడ్ అనగానే ఉప్పు సంగతి అడుగుతారు. చెప్పుకోవాల్సిందే, అందులో మన తెలుగువాడి చెయ్యి ఉంది కాబట్టి. వులిమిరి రామలింగస్వామి గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఊళ్లకు ఊళ్లు గొంతు గడ్డలతో, పొట్టిగా, చెవుడూ మూగతనంతో పుట్టే బిడ్డలతో ఉండేవి. అక్కడి నేలలో అయోడిన్ లేదు. 1956లో ఆయన, ఆయన తోటివాళ్లు ఆ లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపించారు. ఆరేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగాల్లో పిల్లల గొంతు గడ్డలు బాగా తగ్గాయి. దాంతో మూడో భాగానికీ అదే ఉప్పు ఇచ్చారు. ఇవ్వాళ మన ఇళ్లలో ఉప్పు పాకెట్ మీద నవ్వే సూర్యుడి బొమ్మ వెనక ఆ కాంగ్రా పని ఉంది. అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మకూడదని 2006లో దేశమంతటా కట్టడి చేశారు. మన అంగళ్లలో పశువులకని తెచ్చిన దొడ్డుప్పు ఊరగాయ జాడీల్లోకీ, పప్పు కుండల్లోకీ వస్తూనే ఉంది. కడుపుతో ఉన్నవాళ్ల ఇంట్లో అది వద్దు. ఉప్పు డబ్బాకు మూత పెట్టండి, పొయ్యి పక్కన పెట్టకండి, వేడికీ తడికీ అయోడిన్ ఎగిరిపోతుంది.

అయితే ఉప్పు మార్చినంత మాత్రాన గ్రంథే లేని బిడ్డకు గ్రంథి రాదు. ఆ బిడ్డకు కావాల్సింది మాత్ర. మందు లేని కాలంలో ఈ పిల్లలు మరుగుజ్జులుగా, మాట రాక, మూలన కూర్చుని బతుకు వెళ్లదీశారు. 1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదితో ఇచ్చి, థైరాయిడ్ పోయిన ఒక నడివయసు స్త్రీని నిలబెట్టాడు. ఆమె ఆ మందుతో మరో ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. ఇప్పుడు గొర్రె అక్కర్లేదు. లీవో థైరాక్సిన్ మాత్ర ప్రతి మందుల షాపులో దొరుకుతుంది, రోజుకు రెండు మూడు రూపాయల లోపే.

వాడే పద్ధతి మాత్రం గట్టిగా పట్టుకోవాలి. పొద్దున్నే పరగడుపున. పసిబిడ్డకైతే మాత్రను చెంచాలో నలిపి, నాలుగు చుక్కల తల్లిపాలలో గానీ నీళ్లలో గానీ కలిపి నోట్లో పోయాలి. పాలసీసా నిండా కలిపితే బిడ్డ సగం వదిలేస్తుంది, మందూ సగం పోతుంది. ఐరన్ టానిక్కు, క్యాల్షియం, సోయా ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. పుట్టుకతో గ్రంథి లేని బిడ్డకు ఇది జీవితాంతం. బాగైంది కదా అని ఆపేసి, ఏడాది తర్వాత మళ్లీ మొదటికొచ్చిన పిల్లలున్నారు.

పెద్దయ్యాక మొదలుపెట్టిన పిల్లల్లో కొన్ని చిత్రాలు జరుగుతాయి, ముందే చెప్పకపోతే తల్లులు భయపడి మందు మానేస్తారు. మొదటి నెలల్లో జుట్టు రాలుతుంది, మళ్లీ కొత్త జుట్టొస్తుంది. ఒంట్లో నీరు పోయి బరువు తగ్గుతుంది. తలనొప్పి వస్తే వెంటనే చూపించాలి. మందును కొంచెం కొంచెంగా పెంచుతాం కాబట్టి పరీక్షలకు పిలిచినప్పుడల్లా రావాలి. అన్నిటికంటే, నిదానంగా కూర్చునే పిల్ల లేచి తిరగడం మొదలుపెడుతుంది. మూడు నెలలకు వచ్చినప్పుడు ఈ పిల్ల తల్లి నాకు ఫిర్యాదే చేసింది. "ఏం మందిచ్చినవ్ మేడం, తమ్మునితో కొట్లాడుతుంది, చెప్పిన మాట ఇంటలేదు." ఆ ఫిర్యాదు వినడానికే నేను డాక్టరునయ్యాననిపించింది.

పోయిన ఎత్తంతా తిరిగొస్తుందా? నిజం చెప్పాలి, అంతా రాదు. మందు పడ్డ మొదటి ఏడాది పిల్ల ఈడుకు మించిన వేగంతో పొడుగవుతుంది. ఈ పిల్ల ఏడాదిలో పదకొండు సెంటీమీటర్లు పెరిగింది. కానీ ఆగిపోయిన ఎముక కూడా వేగంగా ముదురుతుంది, కొన్నిసార్లు ఎత్తుకంటే వేగంగా. ముదిరిన పొర మూసుకుపోయాక పెరుగుదల లేదు. ఏళ్ల తరబడి మందు లేకుండా ఉండి, తర్వాత మొదలుపెట్టిన పిల్లలు రావాల్సినంత ఎత్తుకు రాలేదని 1988లోనే అమెరికా డాక్టర్లు రాశారు. ఎన్నేళ్లు ఆలస్యమైతే అంత కోత. తుంటి పలుకులు మాత్రం కలుస్తాయి. ఈ పిల్ల రవ్వ ఏడాదిన్నరకు ఒక ఉండగా దగ్గరికొచ్చింది, కొంచెం చదునుగా. కుంటు పోయింది.

పోయిన నెల వచ్చారు. మణికట్టు ఎక్స్‌రే మళ్లీ తీయించాను. ఈసారి నేను చెప్పకముందే ఫిల్మును నా చేతిలోంచి లాక్కుని కిటికీ దగ్గరికి పోయింది. వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గొంతులో బొంగురు లేదు. అయిదు దాకా వచ్చి, ఆరోది అవునో కాదో తేలక ఫిల్మును ఇటు తిప్పి అటు తిప్పి చూస్తోంది. చిన్న చుక్క, చిట్టిపల్లి అంతే ఉంది. "ఇది లెక్కలకొస్తదా మేడం?" అని అడిగింది. వస్తుందన్నాను. మిగిలిన రెండు ఎప్పుడొస్తాయని అడుగుతుంటే, వాళ్లమ్మ సంచి భుజానికేసుకుని, గట్టు బస్సు పోతుందని చెయ్యి పట్టుకుని లాగింది.